చేతికి తగిలే చీకటి, చెయ్యి తగలనివ్వని గది

మ్యూజియాల్లో ప్రింట్ రూమ్ అనే సర్వీసు ఒకటి ఉందనే చాలామందికి తెలియదు కాబట్టి ముందు అదేంటో చెప్పేస్తా. యూరప్‌లోని పెద్ద మ్యూజియాల్లో గోడలకి తగిలించిన బొమ్మలు చాలా కొద్ది. పెట్టెల్లో పడుకోబెట్టిన పాత అచ్చు బొమ్మలు, అంటే చెక్క మీదో రాగి రేకు మీదో చెక్కి కాగితం మీద అచ్చేసినవి, మాత్రం లక్షల్లో ఉంటాయి, ఒక్క లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనే ఇరవై లక్షలకు పైగా ఉన్నాయి. వెలుతురు తగిలితే కాగితం పాడవుతుంది, అందుకని వాటిని ఏడాది పొడవునా వేలాడదీయరు. కానీ ముందుగా రాసి అడిగితే, టైము ఇచ్చి, బల్ల మీద పెట్టి చూపిస్తారు. దాన్ని ప్రింట్ రూమ్ అనో స్టడీ రూమ్ అనో పిలుస్తారు. నేను వెళ్లిన చోట ప్రొఫెసర్‌ కానక్కర్లేదు, సిఫారసు ఉత్తరం అక్కర్లేదు, ఫీజు లేదు. ఏ మ్యూజియమో చెప్పను, ఎందుకంటే కింద ఫిర్యాదులు కూడా ఉన్నాయి, పైగా ఇలాంటి గదుల్లో పద్ధతి ఇంచుమించు ఒకటే.

నేను వెళ్లింది తెగుళ్ల కోసం. బైబిల్ నిర్గమకాండంలో ఐగుప్తు (ఈజిప్టు) రాజు ఫరో మాట వినకపోతే ఆ దేశం మీదికి వరసగా వచ్చి పడిన పది తెగుళ్లు: నీళ్లు రక్తం కావడం, కప్పలు, పేలు, ఈగలు, పశువుల చావు, పొక్కులు, వడగళ్లు, మిడతలు, చీకటి, ఆఖరికి తొలిచూలు పిల్లల మరణం. వీటిని, వీటి చుట్టాల్లాంటి మిగతా బైబిల్ విపత్తుల్ని 16వ శతాబ్దపు అచ్చు కళాకారులు ఎలా గీశారన్నది నాకు ఎన్నాళ్లుగానో ఉన్న పిచ్చి. అప్పటిదాకా అన్నీ స్క్రీన్ మీదే చూశాను. ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్‌మ్యూజియం సైటులో పెద్ద సైజు ఫైళ్లు ఉచితంగా దించుకోవచ్చు, న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం కూడా 2017 నుంచి కాపీరైటు లేని బొమ్మల్ని అలాగే వదిలేసింది. ఇంట్లో కూర్చుని ఎంత కావాలంటే అంత పెద్దది చేసుకుని చూస్తున్నప్పుడు మళ్లీ అంత దూరం వెళ్లడం ఎందుకు అని నేనూ అనుకున్నా. వెళ్లాక మొదటి ఐదు నిమిషాల్లోనే ఆ ప్రశ్న పోయింది.

ముందు బుకింగ్ సంగతి, ఎందుకంటే నా ఫిర్యాదుల్లో సగం అక్కడే ఉంది. ఏ బొమ్మలు కావాలో వాటి నంబర్లు మనమే వెతికి పంపాలి, 'తెగుళ్ల బొమ్మలు ఏవైనా ఉంటే చూపించండి' అంటే కుదరదు. నంబర్ల కోసం వాళ్ల ఆన్‌లైన్ కేటలాగులో ప్లేగ్ అని కొడితే ఐగుప్తు రాదు, సెయింట్ రోక్ వస్తాడు. తొడ మీద పుండు చూపిస్తూ, పక్కన కుక్కతో, పేజీల కొద్దీ. ఆయన వెనకాల బాణాలు గుచ్చుకున్న సెయింట్ సెబాస్టియన్. ఇద్దరూ ప్లేగు నుంచి కాపాడతారని జనం మొక్కుకున్న సెయింట్లు, వాళ్ల తప్పేం లేదు, కానీ నాకు కావలసింది కప్పలు. ఇంగ్లీషులో రోగానికీ దేవుడి శిక్షకీ ఒకటే మాట కావడంతో వచ్చిన తంటా ఇది, మన తెగులుతో కూడా ఇలాగే అవుతుందేమో. దీనికి మందు ఐకాన్‌క్లాస్ అనే పద్ధతి. నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో హెన్రీ వాన్ డె వాల్ అనే కళాచరిత్రకారుడు తయారు చేసిన నంబర్ల వ్యవస్థ అది, బొమ్మలో ఏముందో దాన్నిబట్టి ఒక కోడ్ ఇస్తారు: 7 అంటే బైబిల్, 71 అంటే పాత నిబంధన, 73 అంటే కొత్త నిబంధన, అలా లోపలికి పోతుంటే ఒక్కో కథకీ ఒక్కో కొమ్మ. రైక్స్‌మ్యూజియం సైటులో ఇది చక్కగా పనిచేస్తుంది. కాబట్టి నేనేం చేశానంటే అక్కడ ఏ కళాకారుడు ఏ సిరీస్ చేశాడో చూసుకుని, ఆ పేర్లతో ఇక్కడి కేటలాగులో వెతికి, పన్నెండు నంబర్లు పంపాను. రిప్లై రావడానికి మూడు వారాలు పట్టింది. వచ్చిన రిప్లై మాత్రం మర్యాదగా, వివరంగా ఉంది, రెండు గంటల స్లాట్ ఇచ్చారు.

గదిలో రూల్సు. బ్యాగు లాకర్లో పెట్టాలి. పెన్ను నిషేధం, పెన్సిల్ మాత్రమే. చేతులు సబ్బుతో కడుక్కుని, బాగా ఆరబెట్టుకుని రావాలి. తెల్ల గ్లౌజులు ఇస్తారేమో అనుకున్నా, ఇవ్వలేదు, గ్లౌజు వేసుకుంటే వేళ్లకి కాగితం తెలియక అంచు చిరిగే ప్రమాదం ఎక్కువట. విడి బొమ్మలన్నీ మందపాటి అట్ట చట్రాల్లో ఉంటాయి, పట్టుకుంటే ఆ అట్టనే పట్టుకోవాలి, బొమ్మ మీద వేలు పెట్టకూడదు. పుస్తకమైతే నురుగు దిండ్ల మీద సగం తెరిచి పెట్టి, పేజీ మూసుకోకుండా గుడ్డలో కుట్టిన సన్నటి సీసపు గొలుసులు పరుస్తారు. వాటిని వాళ్లు పాములు అంటారు. నా లిస్టులో సర్పాల తెగులు బొమ్మ కూడా ఒకటుంది, సంఖ్యాకాండంలో మోషే ఇత్తడి సర్పాన్ని ఎత్తే కథ. దాని మీద పాము పెట్టనా అని ఆ అసిస్టెంట్ అమ్మాయి చాలా సీరియస్‌గా అడిగింది. నవ్వొచ్చింది కానీ ఆ గదిలో గట్టిగా నవ్వలేం.

మొదట తెచ్చింది బెర్నార్ సలొమోన్ పుస్తకం. 1553లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో జాన్ ద తూర్న్ అనే ప్రింటర్ వేసినది. ఒక్కో పేజీలో ఒక చెక్క అచ్చు బొమ్మ, దానికి క్లోద్ పరదాన్ రాసిన నాలుగు పాదాల పద్యం. బైబిల్ మొత్తాన్ని బొమ్మా క్యాప్షనూగా తిప్పేశారన్నమాట, ఇప్పటి మీమ్ పద్ధతే. ప్రింటర్ తెలివి ఏంటంటే, బొమ్మ చెక్కలు అవే ఉంచి పద్యం భాష మార్చుకుంటూ పోయాడు, ఇంగ్లీషు, స్పానిష్, ఇటాలియన్, జర్మన్, అలా. ఒకసారి చెక్కించిన ఖర్చు అన్ని భాషల్లోనూ రాబట్టుకున్నాడు.

ఇంతకీ నన్ను కుదిపేసింది సైజు. స్క్రీన్ మీద నేను ఈ బొమ్మల్ని గోడంత చేసుకుని చూశాను. ఇక్కడ చూస్తే బొమ్మ ఎత్తు ఐదారు సెంటీమీటర్లు, వెడల్పు ఎనిమిదికి కాస్త అటూ ఇటూ. అంటే అరచేతిలో పడుతుంది, ఇంకా చోటు మిగులుతుంది. అందులోనే రాజభవనం, స్తంభాలు, దూరంగా కొండలు, ఫ్రాన్స్ రాజుల ఫాంటెన్‌బ్లో ఆస్థానం ఫ్యాషన్‌లో సాగదీసినట్టు పొడుగ్గా ఉండే మనుషులు, ఇంత జనం మధ్య కప్పలు. భూతద్దం పెట్టి చూస్తే ఒక్కో కప్ప నాలుగైదు గీతలు. వీపు వంపు ఒకటి, వెనక కాళ్లు రెండు, మిగతాదంతా తెల్ల కాగితమే. భూతద్దం తీసేస్తే కప్ప ఉండదు, ఏదో ముసురుకున్నట్టు, నేల గరుకుగా అయినట్టు అనిపిస్తుంది, అంతే. అసలు కథలో కూడా కప్పల భయం ఒక్కో కప్పది కాదు కదా. మంచం మీద కప్ప, పొయ్యిలో కప్ప, పిండి పిసికే తొట్టిలో కప్ప, ఎక్కడ చెయ్యి పెడితే అక్కడ కప్ప. జూమ్ చేసి చూస్తే ఒక్కో కప్ప ముద్దొస్తుంది. అసలు సైజులో చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. ఇన్నేళ్లూ నేను దీన్ని తప్పు సైజులో చూస్తూ వచ్చాను.

చెక్క అచ్చు ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఆ కప్ప మీద గౌరవం ఇంకా పెరుగుతుంది. నల్లగా రావాల్సిన గీత మాత్రం ఉబ్బెత్తుగా మిగిలేలా, చుట్టూ ఉన్న చెక్కనంతా కత్తితో తీసేయాలి. అంటే కప్పని గీయరు, కప్ప కానిదాన్నంతా తవ్వి పారేస్తారు. బొమ్మ గీసేది ఒకరు, చెక్కేది చాలాసార్లు ఇంకొకరు, ఆ రెండోవాడి పేరు చాలా పుస్తకాల్లో ఎక్కడా కనపడదు. ఉబ్బెత్తు గీత కాబట్టి అక్షరాల అచ్చుతో కలిపి ఒకే ప్రెస్‌లో ఒకే దెబ్బకి పద్యమూ బొమ్మా పడిపోతాయి. ఆ దెబ్బకి గీత కాగితంలోకి దిగుతుంది, పేజీ తిప్పితే వెనక వైపు సన్నగా ఉబ్బి కనిపిస్తుంది. ఆ ఉబ్బు ఏ వెబ్‌సైటులోనూ నేను చూడలేదు, ఎందుకంటే పేజీ వెనక వైపుని పెద్దగా ఎవరూ ఫొటో తియ్యరు.

తర్వాత వచ్చింది విడి కాగితం, అదే శతాబ్దపు ఏదో బైబిల్ నుంచి ఊడిన పేజీ. ఎవరు చేశారో కేటలాగులో లేదు. విషయం వడగళ్లు. మోషే కర్ర ఎత్తాడు, పైన మబ్బులు, మబ్బుల గీతల మధ్య అక్కడక్కడా గుండ్రటి తెల్ల చుక్కలు. అబ్బ, భలే ఐడియా, వడగళ్లని గీయకుండా తెల్లగా వదిలేశాడు అనుకుని పెన్సిల్‌తో రాసుకున్నా కూడా. అసిస్టెంట్ అమ్మాయి పక్క నుంచి చూసి, మెల్లగా, అవి వడగళ్లు కావు, పురుగు తొలిచిన రంధ్రాలు అంది. కాగితంలో కాదు, చెక్కలో. అచ్చు చెక్కని ఏళ్ల తరబడి దాచి మళ్లీ మళ్లీ వాడతారు, ఈలోపు చెదపురుగో ఇంకో పురుగో చెక్కని తొలిచేస్తుంది, రంధ్రం ఉన్న చోట సిరా పట్టదు, కాగితం మీద తెల్ల చుక్క వస్తుంది. నమ్మకపోతే చూడండి, మోషే మోకాలి మీద కూడా ఒక వడగల్లు ఉంది అంది. నిజమే, ఉంది. పది తెగుళ్లలో లేని పురుగు ఒకటి వచ్చి ఏడో తెగులుని బాగుచేసి పోయిందన్నమాట. నేను రాసుకున్నది కొట్టేశాను. ఈ అమ్మాయి ఒక్కదానికే ఐదుకి ఐదు ఇవ్వాలి.

ఇక అసలు ఫిర్యాదు. నేను బాగా ఎదురుచూసినది మార్టెన్ వాన్ హేమ్‌స్కెర్క్ గీయగా ఫిలిప్స్ గాలె రాగి రేకుల మీద చెక్కిన సిరీస్, 1569 నాటిది, యూదు జాతికి వచ్చిన విపత్తుల గురించి 22 బొమ్మలు. ఐగుప్తు తెగుళ్లు ఇందులో ఉండవు, కానీ బాబెలు గోపురం కూలడం, యెరికో గోడలు పడిపోవడం, చివర్లో రోమన్లు యెరూషలేముని తగలబెట్టడం, అంతా దేవుడి కోపం కేటలాగు లాగే నడుస్తుంది. హేమ్‌స్కెర్క్ 1530ల్లో రోమ్ వెళ్లి శిథిలాల్ని పిచ్చిగా గీసుకొచ్చాడు, ముసలితనంలో ఆ శిథిలాలన్నిటినీ బైబిల్‌లో కూర్చాడు. పైగా 1566లో నెదర్లాండ్స్‌లో జనం చర్చిల్లోకి దూరి విగ్రహాలూ పటాలూ పగలగొట్టారు, అది జరిగిన మూడేళ్లకే ఈ సిరీస్. కూలే గోడని గీయడానికి ఆయన ఊహించుకోవాల్సిన పని లేదు.

ఇంత ఉత్సాహంతో కూర్చుంటే తెచ్చిపెట్టింది అరిగిపోయిన ప్రతి. కేటలాగులో 1569 అని ఉంది, ఆ తేదీ రేకు మీద చెక్కిన తేదీ, ఈ కాగితం ఎప్పుడు అచ్చయిందో దానికి సంబంధం లేదు. రాగి మెత్తటి లోహం, ప్రతి అచ్చుకీ రేకు రోలర్ల కింద నలుగుతుంది, ముందు పోయేవి సన్నగీతలు. సన్నగీతలతో ఏం గీస్తారు? ఆకాశం, పొగ, దూరం. కాబట్టి నాకు కనిపించినది ఏంటంటే పొగ లేని మంటలు, వెలిసిపోయిన ఆకాశం కింద తాపీగా కూలుతున్న నగరం. మంచి ప్రతి ఇంకోటి ఉందా అని అడిగితే కౌంటర్ దగ్గర పెద్దాయన, ఉంది, కానీ మీరు ఆ నంబర్ రాయలేదు అన్నాడు. ఆ రెండిటికీ తేడా మీ కేటలాగులో లేనప్పుడు నేనెలా రాస్తానండీ? ఇది పూర్తిగా సర్వీసు లోపం. మొదటి ముద్రణో తర్వాతదో, రేకు కొత్తదో అరిగిందో ఒక్క ముక్క రాసి ఉంటే మూడు వారాలు ఎదురుచూసి బూడిద రంగు కాగితం చూడాల్సిన ఖర్మ పట్టేది కాదు. ఇక్కడ ఒక మార్కు తీసేశా.

అయితే ఆ అరిగిన ప్రతి పుణ్యమా అని ఒకటి అర్థమైంది. పొగా ఆకాశమూ పోయాక మిగిలింది కండలు. ఈ రాగి రేకుల వాళ్లకి, అందులోనూ ఇటలీ వెళ్లొచ్చిన వాళ్లకి, విపత్తు అంటే బట్టల్లేని వీపులు మెలితిప్పడానికి దొరికిన సాకు. చావబోతున్నవాడికి కూడా పొట్ట మీద ఆరు పలకలు. సర్పాల తెగులు బొమ్మలోనూ ఇంతే. 1506లో రోమ్‌లో తవ్వకాల్లో లావోకూన్ విగ్రహం బయటపడ్డాక, ఆ తండ్రీకొడుకుల్ని పాములు చుట్టేసిన మెలికలు చూశాక, ఆ తరం కళాకారులకి మామూలు పాము కాటు సరిపోలేదు. ఎవరైనా పాము కరిస్తే కాలు పట్టుకుని కూర్చుంటారు, వీళ్లు గాల్లో చేతులు చాపి వంద రకాలుగా వంగుతారు. నా వరకు కప్పలు, ఈగలు, పేలు లాంటి చిల్లర తెగుళ్లని పట్టుకోగలిగింది చెక్క అచ్చే. రాగి రేకుకి ఈగ అంటే చులకన. ఇది నా అభిప్రాయం, ఒప్పుకోనివాళ్లు వెళ్లి చూసి రండి.

రాగి రేకుకి ఇంత తిట్టాను కాబట్టి ఇప్పుడు చెప్పేది కూడా వినాలి. ఆ రోజు చూసినవాటిలో నాకు నిద్రపట్టనివ్వనిది రాగి రేకు బొమ్మే. అది కాలం ప్రకారం కొంచెం ముందుది, కథ ప్రకారం బైబిల్‌ది కూడా కాదు. రఫాయెల్ గీయగా మార్కాంటోనియో రైమొండి 1515 ప్రాంతంలో చెక్కినది, ఇటాలియన్‌లో ముద్దుపేరు మొర్బెత్తో. వర్జిల్ కావ్యం ఈనియడ్‌లో ట్రాయ్ నుంచి పారిపోయినవాళ్ల మీద పడిన మహమ్మారి అందులో కథ. లిస్టులో ఎందుకు పెట్టానంటే, బైబిల్ మహమ్మారిని గీసినవాళ్లు దీన్నే పాఠ్యపుస్తకంలా వాడుకున్నారు. నికొలా పుస్సాన్ 1630లో మొదలుపెట్టిన అష్డోదు తెగులు పెయింటింగ్ ఇప్పుడు పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఉంది, సమూయేలు మొదటి గ్రంథంలో ఫిలిష్తీయులు ఇశ్రాయేలీయుల మందసాన్ని (దేవుడి ఆజ్ఞల పలకలున్న పెట్టె) ఎత్తుకుపోతే వాళ్ల మీద పడిన తెగులు అది. అందులో ముందు వరసలో చచ్చిపోయిన తల్లి, ఆమె దగ్గర పసిబిడ్డ, వంగి ముక్కు మూసుకున్న మనిషి, ఆ ముగ్గురూ ఇక్కడి నుంచే వెళ్లారు.

రైమొండి బొమ్మ ఒక కాగితం ముక్క, అడ్డంగా పాతిక సెంటీమీటర్లు. మధ్యలో ఒక రాతి స్తంభం, పైభాగం మనిషి ఆకారం. స్తంభానికి కుడి పక్క పగలు, ఎడమ పక్క రాత్రి. ఒకే బొమ్మలో. పగటి పక్క నేల మీద తల్లి శవం, బిడ్డ ఇంకా రొమ్ము కోసం పాకుతోంది, ఒకడు వంగి ఒక చేత్తో బిడ్డని పక్కకి తోస్తున్నాడు, రెండో చెయ్యి ముక్కు మీద ఉంది. ఆ ముక్కు మూసుకున్న చెయ్యి చూడగానే మన ముక్కు కూడా ముడుచుకుంటుంది. వాసనని నలుపు తెలుపుల్లో గీయడం అంటే ఇదీ. దానికి రంగు అక్కర్లేదు, పొక్కు అక్కర్లేదు, ఒక్క చెయ్యి చాలు. రాత్రి పక్క ఒకడు కాగడా పట్టుకుని కిందికి చూస్తుంటాడు, కాగడా వెలుతురులో పడి ఉన్న పశువులు.

ఆ రాత్రి పక్క చూస్తుండగా అసిస్టెంట్ అమ్మాయి ఒక చిన్న టార్చి తెచ్చి, పైనుంచి కాకుండా కాగితానికి దాదాపు సమాంతరంగా, పక్క నుంచి వెలుతురు వేసింది. చీకటి లేచి నిలబడింది. అతిశయోక్తి కాదు. రాగి రేకు మీద గీత అంటే గాడి, సిరా ఆ గాడిలో ఉంటుంది, తడిపిన కాగితాన్ని రోలర్ల మధ్య గట్టిగా నొక్కితే కాగితం గాడిలోకి దిగి సిరాని పైకి ఎత్తుకొస్తుంది. కాబట్టి ఆరిన తర్వాత ప్రతి గీతా కాగితం మీద వెంట్రుకవాసి ఉబ్బి ఉంటుంది. చెక్క అచ్చుకి సరిగ్గా ఉల్టా. ఎడమ పక్క గీత మీద గీత, అడ్డగీత మీద అడ్డగీత వేసి చీకటి చేశాడు కదా, ఆ చోటంతా టార్చి వెలుతురులో దున్నిన చేనులా సాళ్లు సాళ్లుగా కనిపించింది. నిర్గమకాండంలో తొమ్మిదో తెగులు గురించి ఒక మాట ఉంటుంది, చేత్తో తడిమితే తెలిసేంత చిక్కటి చీకటి అని. చిన్నప్పుడు విన్నప్పుడు అది ఊరికే అన్న మాట అనుకున్నా. ఇక్కడ నిజంగానే తడిమితే తెలిసే చీకటి బల్ల మీద ఉంది, వేలు పెట్టడానికి వీల్లేదు. ఆ ఒక్క నిమిషం వేళ్లు దురద పెట్టాయి, చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నా.

ఈ టార్చి సేవ మెనూలో ఎక్కడా ఉండదు. అడగాలి. వెళ్లేవాళ్లు తప్పకుండా అడగండి, ఎవరూ తిట్టరు.

ఇంకో అరగంటలో జాన్ దువే బొమ్మలు నాలుగు చూశాను. ఫ్రాన్స్‌లోని లాంగ్ర ఊరి కంసాలి ఈయన. ప్రపంచం ముగిసే కథ చెప్పే బైబిల్ చివరి పుస్తకం, ప్రకటన గ్రంథం మొత్తాన్ని రాగి రేకుల మీద చెక్కి 1561లో లియోన్‌లో పుస్తకంగా తెచ్చాడు. పైన గుండ్రంగా ఉండే రేకులు, మోషే ధర్మశాస్త్రం పలకల ఆకారంలో. లోపల సూది మోపే ఖాళీ లేదు, దేవదూత రెక్క ఎక్కడ ఆగి ఇంకొకడి జుట్టు ఎక్కడ మొదలైందో తెలియదు. చాలామంది విమర్శకులకి ఈ ఇరుకు నచ్చదు. నాకు మాత్రం ప్రపంచం ముగిసేటప్పుడు నీట్‌గా ఖాళీ వదిలి గీయడమే అబద్ధం అనిపిస్తుంది. టైటిల్ పేజీలో తన బొమ్మే వేసుకుని, వయసు డెబ్బై, సంవత్సరం 1555 అని రాసుకున్నాడు. అదే రేకు మీద లాటిన్‌లో ఇంకో మాట కూడా ఉంది: విధి తరుముతోంది, చేతులు వణుకుతున్నాయి, చూపు మోసం చేస్తోంది, మనసు మాత్రం ఓడిపోలేదు, పెద్ద పని చెయ్యమంటోంది అని. అప్పటికి గంటన్నర భూతద్దం పట్టుకుని నాకే కళ్లు లాగుతున్నాయి, ఈ ముసలాయన ఆ కళ్లతో ఆ గీతలన్నీ చెక్కాడు.

తెచ్చివ్వనిది ఒకటుంది. వెనిస్ చిత్రకారుడు టిషన్ గీసిన ఎర్రసముద్రం చెక్క అచ్చు, ఫరో సైన్యం మునిగిపోయే బొమ్మ, అంటే తెగుళ్ల కథకి క్లైమాక్స్. పన్నెండు చెక్కలతో అచ్చు వేసి అతికించాలి, వెడల్పు రెండు మీటర్ల పైనే, మనకి దొరికే ముద్రణ 1549లో వెనిస్‌లో వచ్చినది. అందులో ఒక కుక్క మలవిసర్జన చేస్తుంటుంది, అది చూడాలని నా కోరిక. బల్ల సరిపోదు, ఇద్దరు మనుషులు కావాలి, ఇంకో రోజు ప్రత్యేకంగా అడగాలి అన్నారు. సరే, న్యాయమే. కానీ మూడు వారాలు తీసుకుని పంపిన రిప్లైలో ఆ ముక్క రాసి ఉంటే ఆ నంబర్ స్థానంలో ఇంకోటి అడిగేదాన్ని.

మిగతా చిన్న చిన్నవి. కుర్చీ గట్టిది, ఎత్తు మారదు. రెండు గంటల స్లాట్‌లో పెట్టె తేవడానికి, తీసుకెళ్లడానికి పోయే టైము కూడా మన ఖాతాలోనే. కాబట్టి పన్నెండు అడిగితే తొమ్మిదే చూడగలం, అందులో రెండు పరుగులో చూస్తాం. లైటు తక్కువగా ఉంటుంది, కాగితం కోసం అలాగే ఉండాలి, దానికి ఫిర్యాదు లేదు. ఫ్లాష్ లేకుండా ఫోన్‌తో ఫొటోలు తీసుకోనిస్తారు, కానీ నేను తీసినవన్నీ నా చెయ్యి నీడతో వచ్చాయి, దానికన్నా సైటులో ఉన్న ఫైళ్లే నయం. భూతద్దం వాళ్లు ఇస్తారు, ఒక్కటే ఉంది, పక్క బల్ల మీద ఉన్నాయన కూడా అదే అడుగుతుంటాడు. సొంతది పట్టుకెళ్లండి.

రేటింగ్ అంటే ఐదుకి నాలుగు. టార్చికి ఐదు, ఆ అమ్మాయికి ఐదు, కేటలాగుకి రెండు ఇస్తే లెక్క అలాగే తేలింది. స్క్రీన్ చాలు అనుకునేవాళ్లకి స్క్రీన్ నిజంగానే చాలు, ఎవరేం గీశారో తెలుసుకోవడానికి దానికి మించింది లేదు. ఎంత చిన్నదో, గీత పైకి ఉబ్బిందో లోపలికి దిగిందో, చుక్క వడగల్లో పురుగో తెలియాలంటే మాత్రం ఆ గట్టి కుర్చీలో కూర్చోవాల్సిందే.

నేను మళ్లీ రాశాను వాళ్లకి. ఈసారి మూడే నంబర్లు: హేమ్‌స్కెర్క్ మంచి ప్రతి, దాని నంబర్ ఆ పెద్దాయన చేతే కాగితం మీద రాయించుకుని వచ్చా, టిషన్ ఎర్రసముద్రం, అదే వడగళ్ల పేజీ మళ్లీ ఒకసారి. బల్ల పెద్దది వెయ్యమని, ఇద్దరు మనుషులు కావాలని ముందే రాసేశాను. పంపి పదకొండు రోజులైంది, రిప్లై ఇంకా రాలేదు.